కొసరు అడగొద్దు

లుబ్ధావధాన్లంటే పిసినారి ముసలాడని నవ్వేసి వదిలేస్తాం. అలా వదలకండి. సంచి పుచ్చుకుని బజారుకు బయల్దేరే ముందు ఆయన్ని ఒకసారి తలుచుకోండి. ఇదే నా మొదటి సలహా.

గురజాడ నాటకం కన్యాశుల్కంలో ఆయన చేసిందేమిటి? అగ్నిహోత్రావధాన్లు తన కూతురు సుబ్బిని 1800 రూపాయలకు ఆయనకిచ్చి పెళ్లి చేస్తానన్నాడు. అంతలో అంతకంటే చవగ్గా ఇంకో పిల్ల ఉందని తెలిసేసరికి ముసలాయన అటు తిరిగిపోయాడు. తీరా చూస్తే ఆ పిల్ల ఆడవేషం కట్టిన మహేశం అనే కుర్రాడు. పెళ్లయ్యాక పెళ్లికూతురు మాయం, చంపేశాడన్న నింద ముసలాయన నెత్తిన. డబ్బు మీద ప్రేమ సంగతి అలా ఉంచండి. ఆయన్ని ముంచింది తక్కువకే వస్తోందన్న సంబరం. ఆ సంబరం మీలోనూ ఉంది, నాలోనూ ఉంది.

1897లో నాటకం అచ్చయినప్పుడు గురజాడ ముందుమాటలో ఒక లెక్క ఇచ్చారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లు 1034. పెళ్లికూతుళ్లలో 99 మంది ఐదేళ్లవాళ్లు. ముగ్గురికి ఏడాది. ఉయ్యాల్లో పిల్లకు ధర ఎలా కుదురుతుంది? ఇద్దరు పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని, ఒకరు ఇంత అంటే ఇంకొకరు అంత కాదని అనే ఉంటారు. అది చదివిన రోజు నుంచి నా నోట బేరం రాదు.

మీరూ మానేయండి. వంకాయలు కిలో ఎంతంటే అంత ఇవ్వండి. ఆటో అతను అడిగింది ఎక్కువనిపిస్తే నడిచి వెళ్లండి గాని తగ్గించమనకండి. ఒకటి కొంటే ఒకటి ఉచితమన్న చోట ఒకటే తెచ్చుకుని రెండోది బల్ల మీదే వదిలేయండి. అమ్మాయికి సంబంధం చూస్తుంటే జాతకాల కంటే ముందు అబ్బాయిని రైతుబజారుకు పంపండి. వెనక మీరూ వెళ్లండి. టమాటాల దగ్గర రెండు రూపాయలు తగ్గించమన్నాడా, ఆ సంబంధం వద్దు. రేపు మీ పిల్ల ధరా అలాగే తేలుస్తాడు.

ఇదంతా నాకు చేతులు కాలాక తెలిసింది. మా అమ్మాయి పెళ్లిలో వంటవాళ్లు ఆకుకు 450 అన్నారు. నేను గంటసేపు కూర్చుని 380కి దింపాను, ఇంటికొచ్చి మా ఆవిడకు గొప్పగా చెప్పాను. పెళ్లినాడు మొదటి బంతి బాగానే లేచింది. రెండో బంతికి పప్పులో నీళ్లు పెరిగాయి. మా వియ్యంకుడి అన్నగారి ఆకులో బూరె పడలేదు. ఆయన ఏమీ అనలేదు. ఖాళీగా ఉన్న ఆ చోటు మీదుగా పెరుగన్నం కలుపుకుని తిన్నారు. తగ్గించిన 70 రూపాయలు నాకు అక్కడే కనిపించాయి.

నిన్న కూరలమ్మి నా సంచిలో అడక్కుండానే నాలుగు కరివేపాకు రెబ్బలు వేసింది. తీసి ఇచ్చేశాను. "కొసరు బాబూ, ఎప్పుడూ వేసేదే కదా" అంది. అయితే డబ్బు తీసుకోమన్నాను. తీసుకోలేదు. ఐదు రూపాయల బిళ్ల ఆమె తక్కెడ పళ్లెంలో పెట్టి వచ్చేశాను.