తొంభై అయిదంటే నూరే

అక్షరాస్యత 95 శాతానికి చేరితే నూటికి నూరూ చేరినట్టేనని కేంద్ర విద్యాశాఖ 2024లోనే తేల్చేసింది. 95.6తో త్రిపుర సంపూర్ణమైపోయింది కూడా. ఇక మన వంతట.

ఇంత గొప్ప సూత్రాన్ని పలకల దగ్గరే ఆపేస్తే ఎట్లా? ఆర్టీసీకీ ఇవ్వాలి. ఆత్మకూరులో ఉదయగిరి బస్సెక్కుతాం. తొంభై అయిదు పాళ్ల దూరం పోయాక బస్సు ఆగుతుంది. ‘‘దిగండి, ఉదయగిరి వచ్చేసింది’’ అంటాడు కండక్టరు. ‘‘ఏడొచ్చిందబ్బా?’’ ‘‘అదిగో, కొండ కనపడతా ఉండాది గదా!’’ టికెట్టు మాత్రం పూర్తిదే. కాళ్లున్నవాళ్లు మిగతాది నడుస్తారు. చంకకర్రల మనిషి? ఆయన దశాంశం. సవరణలో రాలిపోతాడు.

సోమశిల ఇంజనీర్లకి ఈ సూత్రం తెలియక ఆనకట్టని ఈ చివర నుంచి ఆ చివర దాకా కట్టేశారు, పాపం. అయిదు శాతం ఖాళీ వదిలుంటే సిమెంటు మిగిలేది, గేట్ల ఖర్చూ తప్పేది.

మరి అక్షరాల లెక్కలో రాలిపోయేవాళ్లు ఎవరంటారా? ఉదయగిరి, వరికుంటపాడు పల్లెల్లో ఫ్లోరైడు నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయిన పెద్దాయన. బడి మెట్లెక్కలేడు, మెడ వంచి పలక చూడలేడు. చూపులేని అవ్వకి అచ్చు వాచకం చేతిలో పెడతారు. అక్షరాస్యత పరీక్షలో చదవడానికి యాభై మార్కులు, దేంతో చదవాలో ఆవిడే తేల్చుకోవాలి. చెవులు వినపడనాయనకి వాలంటీరు ఇంకాస్త గట్టిగా అరిచి అఆలు చెబుతాడు. ఆ అరుపే ప్రత్యేక సదుపాయం.

2011 జనగణనలో దేశంలోని వికలాంగుల్లో అక్షరాలు వచ్చినవాళ్లు సుమారు 55 శాతమే. వదిలేసే అయిదులో ఎవరు పడతారో గీత గీసినవాళ్లకి తెలియదని నమ్మమంటారా? వయోజన విద్యలో వీళ్లకి అందరితో సమానంగా చోటు దక్కేట్టు చూడమని 2016 వికలాంగుల హక్కుల చట్టం 18వ సెక్షన్ సర్కారుకే చెప్పింది. దయ చూపమని కాదు, చేయమని.

అందునా ఇది దూబగుంట ఉన్న నేల. అక్కడ రాత్రిబడిలో పాఠం విన్న ఆడవాళ్లు 1992లో సారా అంగళ్లు మూయించారు. మరుసటి ఏడే రాష్ట్రం సారాని నిషేధించింది. ఆనాటి ఆడవాళ్లకిప్పుడు చూపు మందగించే వయసు. వాళ్లకి పెద్ద అక్షరాల పుస్తకం ఇవ్వడానికి చేతులు రానివాళ్లు శాతాలు ప్రకటించడానికి మైకు పట్టుకుంటారా? సిగ్గుండాలి. బ్రెయిలీ వాచకం ఏదీ? సైగల భాష వచ్చిన మనిషి ఏడీ? మంచం దగ్గరికొచ్చి నేర్పే వాలంటీరు ఎవరు? ముందు ఆ నేర్పేవాళ్ల పేర్లు మండలాఫీసు గోడ మీద అంటించండి.