తేమ

అక్టోబరు సగం దాటేసరికి మాంట్రియల్ చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళ ముందు తెల్లటి గుడారాలు లేస్తాయి. ఇనప గొట్టాల చట్రం, దాని మీద బిగించి కట్టిన ప్లాస్టిక్ గుడ్డ. అందరూ వాటిని టెంపో అంటారు. చలికాలమంతా కారు అందులో ఉంటుంది. వసంతం రాగానే ఊరివాళ్ళు పెట్టిన గడువులోగా విప్పేయాలి.

లావల్‌లో మా పక్కింటి తెలుగు కుర్రాడికి రెండు కార్లు. రెండోది ఎర్రటి చిన్న కారు, వేసవిలో తిరగడానికి. ప్రాణం దాని మీదే. రోడ్ల మీద చల్లే ఉప్పుకి కారు అడుగు తుప్పు పట్టిపోతుంది. పైగా క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా మంచు టైర్లు లేని కారు రోడ్డెక్కకూడదు. అందుకని ఆ ఏడు ఇంటి పక్కన కంకర నేల మీద దానికోసం ఒక టెంపో వేశాడు.

సరిగ్గా అప్పుడే వాళ్ళ నాన్నగారు వచ్చారు. తణుకు దగ్గర పల్లెటూరు, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వరి వ్యవసాయం. ఈసారి దాళ్వా పంట చిన్నకొడుక్కి అప్పజెప్పి ఆరు నెలలుందామని వచ్చారు. గొట్టాలు బిగిస్తుంటే కాసేపు చూసి, “పైనుంచి పడే నీళ్ళకి భయం లేదురా. కింద నుంచి ఊరే చెమ్మ మాటేంటి?” అన్నారు.

ఆయన అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. మూసి ఉన్న గుడారంలో నేల చెమ్మ ఆవిరై పైకి లేచి, చల్లటి కప్పుకి తగిలి నీటిబొట్లుగా తిరిగి కారు మీదే రాలుతుంది. తుప్పుకి మంచే అక్కర్లేదు, ఆ బొట్లు చాలు. నేల మీద ఏదైనా పరవాలని కొడుకు ఫోన్లో ఎప్పుడో అన్నాడట. పెద్దాయన లోపలికెళ్ళి పెట్టె తెరిచారు. సగం పెట్టె ధాన్యం మీద కప్పే పెద్ద బరకమే! పసుపురంగు, మందపాటిది. ఊళ్ళో మారిపోకుండా మూల మీద ఎర్ర రంగుతో రాసుకున్న పేరు కూడా ఉంది.

“ఇక్కడ దొరుకుతుంది కదా నాన్నా!”

“దొరుకుతుందిలే. డబ్బులు దండగ. మనింట్లోది ఉండగా కొనడమెందుకు? దాళ్వా కోతలకి చిన్నోడు అద్దెకి తెచ్చుకుంటాడు.”

ఆ పనితనం చూడాల్సిందే. బరకాన్ని ఒక్క ముడత లేకుండా పరిచి, అంచులు పైకి మడిచి, ఇటుకలు పెట్టారు. గాలి ఆడాలని రెండు కొసల్లోనూ పైన సందు వదిలించారు. పొగగొట్టంలో ఎలుకలు దూరకుండా ఇనప పీచు కుక్కారు. చేలో ఎలుకలతో బతికిన మనిషికి ఒకరు చెప్పాలా! పెట్రోలు నిండా పోయించి, బ్యాటరీకి ఛార్జరు పెట్టించి, హ్యాండ్‌బ్రేకు వెయ్యకుండా వదిలించారు. నెలల తరబడి బిగిసి ఉంటే పట్టేస్తుంది కదా. మంచు పడ్డ ప్రతి పొద్దునా ఆయనే లోపలికి దూరి, చీపురు తిరగేసి కప్పుని తడుతూ మంచు కిందికి జార్చేవారు. తడిమంచు బరువుకి గొట్టాలు వంగిపోతాయి. నేను ఆయన్ని బాబాయిగారూ అని పిలిచేవాణ్ణి. మనసులో మాట చెప్పాలంటే, ఒక వస్తువుని అంత శ్రద్ధగా కాచిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

ఏప్రిల్ చివర్లో ఒక శనివారం పొద్దున్న టెంపో విప్పాం. కారు అడుగున వేలు పెట్టి రాస్తే పొడిగా ఉంది. ఎక్కడా మరక లేదు, వాసన లేదు. ఒక్కసారి తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. కొడుకు కారుని రోడ్డు మీదకి తీసి, తండ్రిని గట్టిగా వాటేసుకున్నాడు.

బాబాయిగారు బరకం మీద నిలబడి దుమ్ము ఊడుస్తుంటే ఫోను మోగింది. చిన్నకొడుకు, వీడియోలో. అక్కడ రాత్రి. టార్చి వెలుగులో వాన ధారలు కనిపిస్తున్నాయి. వెనకాల ఎవరివో కేకలు.

“నాన్నా, మనూళ్ళో ఒకటే వాన! ధాన్యం కాలవ గట్టు మీదే ఉంది. తేమ పదిహేడు లోపుకి వచ్చింది, రేపొద్దున్నే కాటా అన్నారు.”

“కప్పండ్రా ముందు!”

“చిన్నది కప్పాం, సగానికే వచ్చింది. అద్దె బరకాలు పొద్దున్నే అయిపోయాయి. నీళ్ళు రాశి కిందికి దిగిపోతున్నాయి.”

“పెద్దది ఉందిగా! పెద్ద బరకం తియ్యండ్రా!”

అటువైపు టార్చి కిందికి వాలింది.

“పేరు కనబడుతోంది నాన్నా. నువ్వు దాని మీదే నిలబడ్డావు.”