గుసగుసల గానసభ

పదునెనిమిదేండ్లు నిండి రెండు మాసములైనను కాకమునుపే యొక బాలిక అమెరికా సంగీతలోకమందలి ప్రధాన సత్కారములన్నిటిని మూటగట్టుకొని పోయెనని వినిన పిదప, ఆ కంఠ మెట్టిదో, ఆ పాటల పోకడ యెట్టిదో తెలిసికొనవలెనని ఉవ్విళ్ళూరని సంగీతప్రియుడుండునా? 2020 జనవరి నాటి గ్రామీ ఉత్సవమున లాస్ ఏంజెలెస్ చిన్నది బిల్లీ ఐలిష్‌కు ఉత్తమ ఆల్బము, ఉత్తమ రికార్డు, ఉత్తమ గీతము, ఉత్తమ నూతన కళాకారిణి యను నాలుగు పురస్కారములును దక్కినవి. 1981లో క్రిస్టఫర్ క్రాస్ అను గాయకునకు దప్ప, ఒక్క రాత్రిలో అట్టి వైభవము అంతకుమున్నెవ్వరికిని సమకూడియుండలేదు. అంతకు పదిమాసముల ముందు, 2019 మార్చిలో, ‘వెన్ వి ఆల్ ఫాల్ అస్లీప్, వేర్ డు వి గో?’ అను ఆ ఆల్బము వెలువడిన నాడే విమర్శకులు పూలవాన కురిపించి యుండిరి.

ఆ ప్రశంసలను నేను శ్రద్ధాభక్తులతో చదివితిని. గాయని ప్రాయ మెంతయో తెలిసినది. అన్న ఫినియాస్ తన పడకగదియందే రికార్డింగు నడపెనని తెలిసినది. తలిదండ్రులు పిల్లలను బడికి పంపక యింటనే చదివించిరనియు, ఆమె వదులు దుస్తులనే ధరించుననియు తెలిసినది. పాట యెట్లుండునను అల్పవిషయ మొక్కటి మాత్రము, స్థలాభావముచే కాబోలు, విడువబడినది. ఒక తరమంతటికిని ఆమెయే కంఠమని కొందఱు వ్రాసిరి. అన్ని కోట్లమందికి పంచియిచ్చిన పిదప ఆ కంఠమున మిగిలినది గుసగుసయే యన్న సంగతి నాకు విన్నపిమ్మట గాని బోధపడలేదు.

ఆల్బమునందలి తొలి ‘గీతము’ పదునైదు సెకండ్లయినను నిండనిది. దాని పేరునందు అక్షరములు లేవు, ఏడు ఆశ్చర్యార్థకములు కలవు. ఆశ్చర్యపడవలసిన భారమును శ్రోతపై మోపక గాయనియే వహించుట ఔదార్యమే. అందామె పళ్ళ వరుస దిద్దుకొనుటకు పెట్టుకొనెడి తొడుగును జుఱ్ఱున చప్పుడగునట్లు ఊడదీసి, ఇదిగో ఆల్బమని ప్రకటించును; అంతట అన్నాచెల్లెండ్రు పకపక నవ్వుదురు. మా తాతగారు రాత్రి భోజనానంతరము కట్టుడుపళ్ళు తీసి గ్లాసులో వేయు చప్పుడును ఏండ్ల తరబడి ఉచితముగా వినియు, అది నిష్కపట కళాభివ్యక్తి యని మాలో నొక్కరికిని తోపలేదు.

దంతకాండ అంతటితో ముగియలేదు. ‘బరీ ఎ ఫ్రెండ్’ అను పాటలో దంతవైద్యుని డ్రిల్లు గిఱ్ఱుమనును. ‘బ్యాడ్ గై’లో ఆస్ట్రేలియా వీధులయందు పాదచారులు రోడ్డు దాటుటకు మ్రోగెడి సిగ్నలు చప్పుడు కలదు. ‘మై స్ట్రేంజ్ అడిక్షన్’లో ‘ది ఆఫీస్’ అను టీవీ హాస్యధారావాహిక సంభాషణల తునుకలు కలవు. ఎక్కడెక్కడి శబ్దములకో యింత ఆతిథ్య మిచ్చిన ఆ గదియందు, కంఠమునకు మాత్రము గొంతెత్త అనుమతి లేదు! పెదవులు మైకునకు తాకునేమో యనునంత చేరువగా ఊపిరితో పలుకుట, దానిక్రింద గుండెలదరునట్లు బేస్ మ్రోగుట, రాగము పైకి పోవునని మనము మెడ నిక్కించునంతలో అది బయలుదేరిన చోటనే చతికిలబడుట — ఆల్బమందలి పదునాలుగింటిలో పెక్కింటి వరుస యిదియే. ఈ మంద్రగానము అపూర్వమట! మైక్రోఫోను వచ్చిన క్రొత్తలో, 1930 ప్రాంతముననే, బింగ్ క్రాస్బీ ప్రభృతులు శ్రోత చెవిలో చెప్పినట్లు పాడి జగత్తును మెప్పించిరి. అయితే వారు చెవిలో చెప్పినది ఒక రాగము.

బాలికయందు శక్తి లేదని నే ననను. ఫినియాస్ ఒక్కడే వ్రాసిన ‘వెన్ ది పార్టీస్ ఓవర్’ అను పాటలో ఆ సన్నని గొంతు పొరలు పొరలుగా పేరుకొని, పియానోను వెంటబెట్టుకొని, నిజముగనే పైకెగసినది. దానిని మరల మరల వింటిని. శక్తి యుండియు తక్కినచోట్ల దాచుకొనుట చేతనే నాకీ కినుక. ఆ దాపఱికమునకే విమర్శకులు సంయమమని పేరుపెట్టుట చేత అది రెట్టింపైనది.

తుదిపాట ‘గుడ్‌బై’. అందలి పంక్తులు వెనుకటి పాటలనుండి ఒక్కొక్కటిగా ఏరి కూర్చినవి. దీనిని నిర్మాణకౌశలమనుటకు నా కభ్యంతరము లేదు. వెనుకటి పాటలను జ్ఞాపకముంచుకొనిన శ్రోతకు అది పునశ్చరణము, మఱచిపోయినవానికి సరిక్రొత్త పాట. నాకు సరిక్రొత్తగనే వినబడినది.