కాలయంత్రం కన్నా ముందే అవ్వ!

నారాయణఖేడ్‌లో మొన్న రాత్రి ఇంటిల్లిపాదీ ఓ సైన్స్ సీరియల్ ముందు కూర్చున్నాం. హీరో కాలయంత్రం ఎక్కాడో లేదో, జొన్నరొట్టెలు కొడుతున్న అవ్వ తలెత్తకుండానే తేల్చేసింది: “ఆ ముసుగోడు వీడే బిడ్డా! ముసలోడై మళ్లొచ్చిండు.” అరగంట గడిచి, సబ్బుల ప్రకటనలన్నీ అయ్యాక ముసుగు తీశారు. వాడే!

1991లోనే సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’లో మనల్ని కృష్ణదేవరాయల కొలువుకు తీసుకెళ్లి, అటునుంచటే 2504కు తిప్పుకొచ్చారు. తర్వాతి మజిలీ ఏదో అవ్వకైనా అందలేదు (అప్పుడు ఆమెకు చూపు కూడా బాగుండేది). ఇప్పుడు గ్రాఫిక్స్‌కు ధారపోసిన డబ్బులో ఓ పిసరు కథకు విదిల్చినా బాగుండు.

భవిష్యత్తు చూడాలనుకుంటే సదరు చానెల్‌వారికి యంత్రమెందుకు? హైదరాబాద్‌లో ఖేడ్ బస్సెక్కితే చాలు. వచ్చేవారం కథ కూడా అవ్వ చెప్పేసింది.