గేరు లేని సైకిలు, గీర ఉన్న చుట్టాలు

ఆరేడు వేలు పెట్టి గేర్లు లేని కొత్త సైకిలు కొనొచ్చా అని చుట్టాలను అడిగి చూడండి. సైకిలు సంగతి ఒక్కరూ చెప్పరు, మీ సంగతి ఆరా తీస్తారు. "ఉద్యోగం బాగానే ఉందా?" అంటారు పెద్దనాన్న. "షుగరొచ్చిందా నాయనా?" అంటుంది పిన్ని. కారు కొన్నవాడు ఎవరికీ కారణం చెప్పక్కర్లేదు. సైకిలు కొన్నవాడు ఊరందరికీ సంజాయిషీ ఇచ్చుకోవాలి. పాతిక వేలు పోసి ఇరవై ఒక్క గేర్లది కొంటే "ఫిట్‌నెస్" అంటారు. అదే రోడ్డు మీద ఆరు వేలది తొక్కితే "అయ్యో పాపం" అంటారు.

మా బావగారిది గేర్ల పక్షం. "గేర్లు లేకుండా ఎత్తెలా ఎక్కుతావోయ్?" అన్నారు.

"మనది విజయవాడ బావగారూ! నేనేమన్నా దుర్గగుడి మెట్ల మీద తొక్కుతానా?"

బందరు రోడ్డులో నాకు తగిలే ఎత్తల్లా స్పీడుబ్రేకరే. ఇక లెక్క చూద్దాం. ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీలుకు 18 ఉన్నాయనుకోండి. పెడలు ఒక్క చుట్టు తిప్పితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. చక్రం 26 అంగుళాలదైతే సుమారు ఐదు మీటర్లు ముందుకు పోతాం. రైతుబజారుకెళ్లి వంకాయలు తేవడానికి ఆ ఒక్క గేరు చాలు. విశాఖలో కైలాసగిరి ఎక్కాలంటే మాత్రం చాలదు. అక్కడ దిగి నెట్టాలి. నెట్టడమూ వ్యాయామమే అనొచ్చు గానీ, దానికి సైకిలెందుకు?

చవకలోనూ రెండు జాతులున్నాయి. ఒకటి తాను చవకని ఒప్పుకునేది. రెండోది ఖరీదైనదాని వేషం కట్టింది. ముందు స్ప్రింగులు, రెండు చక్రాలకూ డిస్కు బ్రేకులు, లావుపాటి టైర్లు, ధర మాత్రం అదే ఆరేడు వేలు. మరి ఆ సోకులకు డబ్బెక్కణ్ణుంచి వచ్చింది? బేరింగుల్లోంచీ, రిమ్ముల్లోంచీ, గ్రీజులోంచీ వచ్చింది. ఆ స్ప్రింగు బరువు పెంచడమే కాక, మనం తొక్కిన బలంలో కొంత తానే మింగి ఊగుతూ కూర్చుంటుంది. చవక డిస్కు కీచుమనడం మొదలెట్టిందంటే ఇక బెల్లుతో పని లేదు. కాబట్టి మామూలు ఫోర్కు, రిమ్మును పట్టే రబ్బరు బ్రేకులు ఉన్నదే తీసుకోండి. రిమ్ము అల్యూమినియందైతే మరీ మేలు. స్టీలు రిమ్ము తడిస్తే బ్రేకు సరిగ్గా పట్టదు. వానలో మనం వేసేది బ్రేకు కాదు, అర్జీ.

ఆన్‌లైన్లో కొంటే సైకిలు ఎనభై అయిదు శాతం బిగించి వస్తుందంటారు. హ్యాండిలు, పెడళ్లు, బ్రేకులు మిగతా పదిహేను శాతంలో ఉంటాయి. మన ప్రాణమూ అందులోనే ఉంటుంది. ఎడమ పెడలుకు మర తిరగేసి ఉంటుంది, దాన్ని ఎడమవైపు తిప్పి బిగించాలి. ఈ సంగతి తెలియని బావగారు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. వారి చేతికి స్పానరివ్వకండి. తిన్నగా వీధి చివరి సైకిలు షాపుకు తీసుకెళ్లి చక్రాల బెండు తీయించండి, బేరింగులకు గ్రీజు పెట్టించండి. కొత్తలో బ్రేకు తీగలు సాగుతాయి, పుల్లలు వదులవుతాయి కనుక నెల తిరిగాక మళ్లీ ఒకసారి చూపించండి. ఆ తర్వాత ఖర్చల్లా వాల్‌ట్యూబులు, పంక్చర్లు, చైనుకు నాలుగు చుక్కల నూనె. గేరు తీగల్లేవు, గేర్లు మార్చే సరంజామా లేదు. పాడవుదామన్నా పెద్దగా సామాను లేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ప్రభుత్వమే తొక్కమంటోంది, చుట్టాలే అడ్డం.

నా తీర్పు ఇదీ. ఊరు చదునుగా ఉండి, రోజుకు ఐదారు కిలోమీటర్ల పనుండి, దగ్గర్లో రిపేరు షాపుంటే నిక్షేపంగా కొనండి. కొండల ఊరైనా, రోజూ పాతిక కిలోమీటర్లు తొక్కాలన్నా వద్దు. అదే డబ్బుకు గేర్లున్న మంచి పాత సైకిలు చూసుకోండి. తాళం దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. చవక సైకిలును చుట్టాలు మెచ్చకపోయినా దొంగలు మెచ్చుకుంటారు.