ఐ-9 పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: అమెరికాలో కొత్తగా ఉద్యోగంలో చేరిన వ్యక్తి ఎవరో, అక్కడ పని చేసే హక్కు ఉందో లేదో యజమాని చూసుకోవాలని 1986 నవంబరు 6న రీగన్ సంతకం చేసిన వలస సంస్కరణ చట్టం విధించింది. అందుకు పుట్టిన కాగితం ఐ-9 ఫారం. దాని సారం ఈ ఆటవెలది.

కొలువుఁ జేరు నాడె కొత్తవాడు ప్రవరఁ
జెప్పి వ్రాలు పెట్ట, జీతమిచ్చు
దొరయు మూడు నాళ్ల దొడ్డ పత్రము నొండె
జంట నొండె చూచి చాటవలయు.

ప్రతిపదార్థం:
కొలువున్ చేరు నాడె = పని మొదలుపెట్టిన తొలిరోజు దాటకుండానే;
కొత్తవాడు = పౌరుడైనా, గ్రీన్‌కార్డు ఉన్నా, హెచ్-1బి వీసా మీద వచ్చినా, చేరినవాడు;
ప్రవరన్ చెప్పి = పేరు, చిరునామా, పుట్టినతేదీ, వలస స్థితి తెలిపి (గోత్రం అక్కర్లేదు);
వ్రాలు పెట్టన్ = అబద్ధమైతే శిక్షకు పాత్రుడనని సంతకం చేయగా;
జీతమిచ్చు దొరయు = యజమానో, అతడి ప్రతినిధో;
మూడు నాళ్లన్ = చేరిన రోజు తరవాతి మూడు పనిదినాల్లో;
దొడ్డ పత్రమున్ ఒండె = ‘ఎ’ జాబితాలోని ఒక పత్రాన్ని గాని;
జంటన్ ఒండె = ‘బి’, ‘సి’ జాబితాల్లోంచి చెరొకదాన్ని గాని;
చూచి = గడువు తీరని అసలు పత్రాన్ని పరిశీలించి;
చాటవలయున్ = చూశానని తానూ సంతకం చేయాలి.

తాత్పర్యం: చేరినవాడు తన సంగతి తాను చెప్పుకోవాలి, యజమాని దానికి ఆధారం చూడాలి. అలంకారం స్వభావోక్తి. అతిశయోక్తికి శిక్ష ఉంది.

విశేషాలు: దొడ్డ పత్రం ఒక్కటే మనిషినీ, హక్కునూ రుజువు చేస్తుంది. అమెరికా పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డు, చదువుకు అనుబంధంగా పనిచేసే (ఓపీటీ) విద్యార్థుల పని అనుమతి కార్డు (ఈఏడీ) ఈ కోవలోవి. హెచ్-1బి వారికి భారత పాస్‌పోర్టు, దేశప్రవేశ రికార్డైన ఐ-94 కలిపి ఒక్క పత్రం కింద లెక్క. జంటలో డ్రైవింగ్ లైసెన్సు మనిషిని చెబుతుంది, సోషల్ సెక్యూరిటీ కార్డు హక్కును చెబుతుంది. పనికి విడిగా అనుమతి కావాలన్న ముద్ర కార్డు మీద ఉంటే మాత్రం అది ‘సి’ జాబితాకు పనికిరాదు.

శంక: ‘ఒండె’ అన్న ఎంపిక ఎవరిది? సమాధానం: కొత్తవాడిదే. “గ్రీన్‌కార్డే చూపించు” అనే అధికారం దొరకు లేదు. పుట్టిన దేశాన్ని బట్టి అదనపు కాగితాలు అడిగితే అది వివక్ష.

శంక: దొంగ కార్డును పసిగట్టే నేర్పు దొరకు ఉండాలా? సమాధానం: అక్కర్లేదు. పత్రం నిజమైనదిగా, ఎదుటి మనిషిదిగా సబబుగా తోస్తే చాలు. అలా తోచినదాన్ని కాదనడమూ తప్పే.

శంక: ఎదురుగా కూర్చునే చూడాలా? సమాధానం: 2023 ఆగస్టు 1 నుంచి ఉద్యోగి వివరాలను ప్రభుత్వ రికార్డులతో సరిచూసే ఆన్‌లైన్ వ్యవస్థ ఈ-వెరిఫైలో సక్రమంగా కొనసాగుతున్న యజమానులు నకళ్లు తెప్పించుకుని, వీడియోలో ప్రత్యక్షంగా చూడవచ్చు. సైన్స్, సాంకేతిక చదువుల (స్టెమ్) ఓపీటీ పొడిగింపు కోరే విద్యార్థికి ఈ-వెరిఫైలో ఉన్న యజమానే కావాలి.

మినహాయింపు: మూడు రోజులకన్నా తక్కువ పనికి కుదిరినవాడి పత్రాలను తొలిరోజే చూడాలి.

పునఃపరిశీలన: ఈఏడీ, ఐ-94 వంటివాటి గడువు తీరేలోగా యజమాని మళ్లీ ఆధారం చూడాలి. పౌరులనూ, గ్రీన్‌కార్డు చూపినవారినీ మళ్లీ అడగకూడదు.

ఫలశ్రుతి: నింపిన ఫారాన్ని ప్రభుత్వానికి పంపరు, యజమానే భద్రపరచాలి. చేరిన నాటి నుంచి మూడేళ్లు, మానేసిన నాటి నుంచి ఏడాది, ఈ రెంటిలో ఏది ఆలస్యంగా ముగిస్తే అప్పటిదాకా. తనిఖీ నోటీసు వస్తే కనీసం మూడు పనిదినాల వ్యవధి ఇస్తారు. ఆలోగా దొరకని ఫారానికి జరిమానా.