విరిగిన స్ప్రింగు

తూంకుంటలో మా పక్కింటాయన సైన్యంలో ఆర్మరర్‌గా పనిచేసి రిటైరైన హవల్దార్. తుపాకులు విప్పడం, లోపం పట్టడం, బాగుచేసి బిగించడం ఆయన పని. అది నేర్చుకున్నది ఎంతో దూరంలో కాదు, సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్‌లో. ఇప్పుడు సొంత లైసెన్సు తుపాకీతో ఓ ప్రైవేటు ఏజెన్సీ తరఫున కాపలా ఉద్యోగం చేస్తున్నాడు.

ఐటీఐలో ఫిట్టర్ పాసైన మా వీధి కుర్రాడు ఒకరోజు ఆయన్ని పట్టుకున్నాడు. "మామా, నాకు గూడ గన్నుల పని నేర్పరాదె."

హవల్దార్ తుపాకీ చూపించలేదు. ఓ ఇనుప ముక్క, ఆకురాయి చేతిలో పెట్టాడు. "ఆరు దిక్కులు సాపు చెయ్యి. మూలమట్టం ఆనిస్తె సందులకెల్లి ఎలుగు కనవడొద్దు."

కుర్రాడు చేతులు బొబ్బలెక్కేదాకా రుద్దాడు. వెలుగు కనబడుతూనే ఉంది.

అతను రుద్దుతున్నంతసేపూ ఆయన చెబుతుండేవాడు. ఎస్ఎల్ఆర్ రైఫిల్ తూటా 7.62 మిల్లీమీటర్లది. అది చాంబర్‌లో కూర్చున్నాక వెనక ఎంత సందు మిగిలిందో గేజీతో కొలవాలి. సందు ఎక్కువైతే పేలినప్పుడు తూటా తొడుగు చిట్లి, మంటగాలి కాల్చినవాడి మీదికే రావచ్చు. "మనం ఓకే అన్నంకనే జవాను దాన్ని చెంపకు ఆనిస్తడు రా. మనల నమ్మి." ఇంత ఓపికా, ఇంత బాధ్యతా ఉన్న చేతిపనిని నేను ఇంకోటి చూడలేదు.

"నేర్చుకుంటె దుకాణం పెట్టుకోవచ్చా మామా?"

"1959 ఆయుధాల చట్టం, ఐదో సెక్షన్. తయారీకే గాదు, రిపేరుకు గూడ లైసెన్సు కావాలె. నా తుపాకీని తుడుచుకుంట, నూనె పెట్టుకుంట. రిపేరు మాత్రం నేను చెయ్యొద్దు."

చట్టం ఉండాల్సిందే, కాదనను. కానీ 1786లో ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కోసం ఫిరంగులు పోయించిన గన్‌ఫౌండ్రీ ఉన్న నగరం మనది. ఆ నగరం అంచున పని తెలిసిన మనిషి చేతులు కట్టుకుని కూర్చోవడం చూస్తే నాకు బాధగానే ఉంటుంది.

కిందటి నెల ఆయన డబుల్ బ్యారెల్ తుపాకీలో లోపలి స్ప్రింగు విరిగింది. ఆయన చేతికైతే అరపూట పని. పద్ధతి ప్రకారం సిటీలోని లైసెన్సు దుకాణంలో ఇచ్చి రసీదు తెచ్చుకున్నాడు. అక్కడున్న ఒక్క మేస్త్రీ ముసలివాడు, కొడుకులెవరూ ఆ పనికి రాలేదు. రెండు నెలలు ఆగమన్నారు.

నిన్న సాయంత్రం కుర్రాడు ఇనుప ముక్క పట్టుకొచ్చాడు. హవల్దార్ మూలమట్టం ఆనించి, దీపానికి ఎదురుగా ఎత్తి చూశాడు. ఒక్కో దిక్కే తిప్పాడు. ఎక్కడా వెలుగు లేదు. "శభాష్ బిడ్డా! ఇగ నువ్వు పనిల పడ్డట్టే. ఈ పని చేతిలుంటె ఎన్నడు ఉత్తగ పోదు" అని కుర్రాడి భుజం తట్టాడు.

అప్పుడే ఏజెన్సీ నుంచి ఫోన్. చేతులకు నూనె ఉందని స్పీకర్ పెట్టమన్నాడు.

"తుపాకీ ఇంక రాలేదా? అయితె రేపటిసంది డ్యూటీకి రాకుండ్రి సార్. మీకు ఎరుకున్నోళ్లల్ల లైసెన్సు గన్ను ఉన్నోళ్లెవరన్న ఉంటె పంపుండ్రి. మనిషికి పని రాకున్నా నడుస్తది."